గడియ లేని తలుపు

జూన్ 9, సోమవారం

మందుల షాపువాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. నిన్నటి పేజీ అడుగున ‘సగం రోగం మనసులోనే’ అని అచ్చేశారు. తప్పు. నాది మొత్తం బాత్రూంలోనే ఉంది. మొన్న స్నానం చేసి లేస్తుంటే కళ్లు తిరిగి పడ్డాను. మా అబ్బాయి వీరేంద్ర తలుపు భుజంతో గుద్ది తెరిచాడు. విరిగిన గడియ మళ్లీ పెట్టనివ్వలేదు. కళ్లు తిరగడం తగ్గితే అప్పుడు చూద్దామంటాడు. మంచివాడే. కానీ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పినదాన్ని, ఇప్పుడు నీళ్లు పోసుకుంటూ ‘నేనున్నాను, ఎవరూ రాకండి’ అని కేకలేస్తున్నాను.

జూన్ 12, గురువారం

గుండె డాక్టరు గుండె బాగుందన్నాడు. షుగరు డాక్టరు షుగరు బాగుందన్నాడు. అన్నీ బాగున్నాయి, పడేది నేనొక్కదాన్నే. ఒకరి దగ్గర ఇంకొకరి పేరు ఎత్తవద్దని వీరేంద్ర కారులోనే పాఠం చెబుతాడు. డాక్టర్లు నొచ్చుకుంటారట. పెదపాడు నుంచి నేను తెప్పించుకునే కషాయమే కారణమని కోడలు శ్రీదుర్గ వాదన. మనిషిని మొత్తంగా చూసే డాక్టరే లేరా అన్నాను. ఫోన్లో వెతికింది. దాన్ని హోలిస్టిక్ అంటారట.

జూన్ 17, మంగళవారం

ఏలూరులోనే సెంటరు. చెప్పులు విప్పించి వేణువు వినిపించారు. నా కోపమే నా బి.పి. అట. అత్తగారిని క్షమించమన్నాడు అక్కడి డాక్టరు. ఆవిడ పోయి పాతికేళ్లు. సరే పాపం, క్షమించాను. లేచి నిలబడితే మళ్లీ కళ్లు తిరిగాయి.

జూన్ 20, శుక్రవారం

ఇవాళ గుండుగొలనులో ఇంకో హోలిస్టిక్ డాక్టరు. ఈయన వంకాయ, గోంగూర, చింతపండు, కాఫీ, చివరికి కొల్లేటి చేప కూడా మానెయ్యమన్నాడు. మరి ఏం తినాలండీ అంటే, ఆలోచించి చెబుతానన్నాడు.

జూన్ 23, సోమవారం

ఇక ఏ డాక్టరూ వద్దు. ఓపిక లేదు.

జూన్ 27, శుక్రవారం, సాయంత్రం

శ్రీదుర్గ పోరు పడలేక తాడేపల్లిగూడెం వెళ్లాం. డాక్టర్ జాయ్సీ. ఎం.బి.బి.ఎస్. పక్క గదిలో ఆయుర్వేదం డాక్టరు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారట! ఆ మాటకే సగం నమ్మకం కుదిరింది. నేను మింగేవన్నీ తెమ్మని ఫోన్లోనే చెప్పింది. బియ్యం సంచీ నిండా పట్టుకెళ్లి బల్ల మీద కుమ్మరించాం. వీరేంద్ర దొంగసరుకుతో దొరికినవాడిలా తల వంచుకున్నాడు.

పడుకోబెట్టి బి.పి. చూసింది. నిలబెట్టి మళ్లీ చూస్తే బాగా పడిపోయింది. తర్వాత రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి నన్నే చదవమంది. పైన పేర్లు వేరు. కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు ఒక్కటే. గుండె డాక్టరిచ్చిన బి.పి. మాత్రే షుగరు డాక్టరూ ఇచ్చాడు. ఆయనిచ్చినట్టు ఈయనకి తెలిస్తే కదా! చెప్పనిది మేమే. సైన్సు టీచర్ని, ఆ చిన్నక్షరాలు నేనూ చదవలేదు.

ఒకటి ఆపేయమంది. ఆ డాక్టర్లిద్దరితో తానే మాట్లాడతానంది. పక్క గదిలో ఆయన కషాయం వాసన చూసి, ఇందులో ఏముందో అడిగి, పాపం దీనిది కాదన్నాడు. శ్రీదుర్గ ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది. చేప మానమని ఎవరూ అనలేదు.

జూలై 6, ఆదివారం

వారమంతా కళ్లు తిరగలేదు. వీరేంద్రా, ఈ పేజీ చించి నీ చొక్కా జేబులో పెడుతున్నాను. బజారుకి వెళ్లినప్పుడు గడియ ఒకటి తీసుకురా. పాతదాని చిల్లులు తలుపుకి అలాగే ఉన్నాయి, వాటికి సరిపోయేది చూడు. మరలు మరిచిపోకు. లోపలివైపుకి.