పాట చివర కిచకిచ

మార్చి 9, ఆదివారం

గౌరవనీయులైన బావగారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మోటారు తప్ప మేమందరం క్షేమం. అక్కడ మీరూ, మీ రిపేరు షాపూ క్షేమమని తలుస్తాను.

మీ అమ్మగారి రికార్డు వినిపిస్తానని పెళ్లయిన కొత్తలో మీ చెల్లెలికి మాటిచ్చాను. నోరు ఊరుకోదు కదా. అమ్మ గొంతు ఎలా ఉండేదో తనకు తెలియదు, మీకూ గుర్తు లేదంటారు. ఉన్నదల్లా ఆ ఒక్క రికార్డు, దానిమీద పెన్సిలుతో రాసిన 'జోల' అన్న మాట. అందుకే రికార్డు ప్లేయరు నేనే చేద్దామని కూర్చున్నాను. పెట్టె, పళ్లెం, ముల్లు కుదిరాయి. మోటారు దగ్గరే వచ్చింది చిక్కు.

మొదట మిక్సీ మోటారు పెట్టాను. స్విచ్చి వేయగానే పళ్లెం ఎగిరి మామగారి మంచం మీద పడింది. దానిమీద రికార్డు ఇంకా పెట్టలేదు గనక బతికిపోయాం. ఆయన పేపరు దించకుండానే, ఇది వినడానికా రుబ్బడానికా అని అడిగారు. మీ చెల్లెలు ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఫ్యాను మోటారు పెడితే పాటకు బదులు తుమ్మెద రొద వినిపించింది. కుట్టుమిషను మోటారు విప్పినందుకు మీ చెల్లెలు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండిందో మీకు రాయకూడదు.

చివరికి మీరు పంపిన పాత టేప్‌రికార్డరు మోటారే దిక్కయింది. చూడ్డానికి చిన్న డబ్బీ అంతే గాని బుద్ధిమంతురాలు. రబ్బరు బెల్టు తొడిగితే పళ్లెం వణక్కుండా తిరిగింది. కాకపోతే పాట మరీ బొంగురుగా, ఈడ్చుకుంటూ వచ్చింది. దున్నపోతు రంకెలా ఉందని పైకే అన్నాను. వెనకున్న స్క్రూతో వేగం పెంచుతూ పోతే, ఒకచోట మీ చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇదే మా అమ్మ," అంది. ఇద్దరం ఏడ్చాం. మామగారు లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

అయితే పాట చివర మోటారు కిచకిచమంటోంది. నూనె వేశాను, బెల్టు మార్చాను, అయినా పోలేదు. పాట అయ్యేదాకా ఓపిక పట్టి మరీ కూస్తోంది. ఆ చప్పుడు లేకుండా అమ్మ గొంతు వినాలని మీ చెల్లెలి కోరిక. కాబట్టి దయచేసి ఇంకో మోటారు పంపండి.

పోస్టు కోసం గుమ్మంలోనే ఉండే,
మీ చెల్లెలి మొగుడు

తా.క.: మోటారు పంపకండి. కవరు అంటించేముందు ఈ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. వరండాలో ఉన్న మామగారు విన్నట్టున్నారు, వచ్చి స్క్రూడ్రైవరు తీసుకుని మోటారు వేగం తగ్గించారు. మళ్లీ దున్నపోతు రంకె మొదలైంది.

"ఆ దున్నపోతుని నేనే," అన్నారు. "మీ అమ్మకి పాట రాదమ్మా. మీ ఇద్దర్నీ నిద్రపుచ్చింది నేను. నువ్వు ఏడుస్తూ ఇదే అమ్మ అంటుంటే కాదనలేకపోయా. కానీ ఆ కిచకిచ తీసేస్తానంటే మాత్రం ఊరుకోను."

పాట అయిపోయింది. ఇన్నాళ్లూ నేను నూనె పోసిన చోట ఒక ఆడమనిషి నవ్వింది. ఆయన పాటకు పగలబడి నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కిళ్లు కూడా వచ్చాయి.

వెంటనే బయల్దేరి రండి.