గంగుబాయి వేలిముద్ర

నిజామాబాద్,
12-8-2003

చి. వసుంధరకు,

“ఇన్నేళ్లు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు నడిపి ఏం నేర్చుకున్నవు కాకా, మా కొత్త వకీళ్లకు రాసియ్యి” అని అడిగావు.

బోధన్ బీడీ కార్మికుల కేసు మొన్న కొట్టేశారు. వాళ్లు బీడీలు చుట్టినట్టు ఆధారం లేదన్నారు. నాకు కోపం కూడా రాలేదు. ఫైలు కట్టి పెడుతుంటే ఆ కార్మికుల్లో ఒకామె గంగుబాయి, నన్ను వకీలుగా పెట్టుకుంటూ ఇచ్చిన వకాలత్‌నామా నకలు కనబడింది. కేసు వేసిన రోజు ఆమె చేత అసలు కాగితం మీద మూడుసార్లు వేలిముద్ర వేయించాను. మూడూ గీతల్లేని మరకలే. “సరిగ్గ ఒత్తవమ్మా” అని విసుక్కున్నాను.

“బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయినయి సారూ, ఏడికెళ్లి తేవాలె?” అన్నది.

పదకొండేళ్లు ఆధారం కోసం తిరిగాను. ఆ వేలిముద్రల అసలు కాగితం మొదటి రోజు నుంచీ కోర్టు ఫైల్లోనే ఉంది.

నీ కాక