తగరపువలస దాకా నా అద్దంలోనే ఉన్నాడు

ఆదివారం, రాత్రి

గోపాల్‌పూర్‌లో బైకుల మీట్ అయిపోయి అందరూ ఇంకా ఫొటోలు దిగుతుంటే మేమిద్దరం బయల్దేరాం. బండి తీసే ముందు అప్పలరాజు తన కొత్త గ్లౌజులు నా చేతిలో పెట్టాడు. "ఉంచు బావా, ఇంక నాకెందుకు," అన్నాడు. ఉద్యోగం పోయాక బండి అమ్మేస్తానంటున్నాడు కదా, అందుకే అనుకున్నాను.

దారంతా నా అద్దంలో వాడి హెడ్‌లైట్ తప్పలేదు. తగరపువలసలో హారన్ కొట్టి వాళ్ల ఊరు పద్మనాభం వైపు తిరిగాడు. నేను ఇల్లు చేరేసరికి మా బైకుల వాట్సాప్ గ్రూపులో వాడి మెసేజ్ ఉంది: చేరాను. ఇంట్లో అడుగుపెట్టాకే ఆ మాట పెట్టాలని మా రూలు. ఇన్నేళ్లలో ఎవరూ అబద్ధం పెట్టలేదు.

బ్యాగు సర్దుతుంటే ఆ గ్లౌజులు కనబడ్డాయి. మనసు నిలవక వాళ్లావిడకి ఫోన్ చేశాను.

"ఇంకా రానేదన్నయ్యా. మీతోనే ఉన్నారనుకుంటన్నాను."

మళ్లీ బండి తీసి, వాడు విడిపోయిన తగరపువలసకే వెనక్కి వెళ్లాను. అక్కడి గోస్తని వంతెన పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు నీళ్ల వైపు.

"మళ్లీ వచ్చేసావేటి బావా," అన్నాడు, తల తిప్పకుండా.

కాలరు పట్టుకుని ఇవతలికి లాగి, నా బండి మీదే ఎక్కించుకొచ్చాను.

ఇప్పుడు మా ముందుగదిలో పడుకున్నాడు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. వాళ్లావిడకి బండి పాడైందని చెప్పాను. రేపు నేను డ్యూటీకి వెళ్లాలి. వీణ్ని ఎవరి దగ్గర వదిలి వెళ్లాలో...

గ్రూపులో వాడి 'చేరాను' కింద అందరూ బొటనవేళ్లు పెట్టారు. మొదటిది నాదే.