బాపు లాప్‌టాప్‌ల నీ పెన్‌డ్రైవ్

మనస్విని అక్కా,

ఫోన్ బాపు జేబులనే ఉంటది. అందుకే కాయితం మీద రాసి, జడ్చర్లకొస్తున్న సావిత్రమ్మ అత్త చేతికిస్తున్న. ఇంగ్లీష్ మీడియం పిల్లను, తప్పులుంటే నవ్వకు.

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ మస్తుగుంది. అది పెట్టి ఆన్ చేస్తే లెక్కలు, మ్యాపులు, ప్రోగ్రామింగ్ అన్నీ వస్తయి. అది ఉన్నంతసేపు బాపు ఫైళ్లు కనవడయి, తీసేసి ఆన్ చేస్తే లాప్‌టాప్ ఎప్పటిలెక్కనే ఉంటది. కానీ అక్కా, అది గొర్ల సంఘం లాప్‌టాప్. ఊరి గొర్లన్నిటి టీకాల లిస్టు దాంట్లనే ఉంది. ముట్టొద్దని బాపు ముందే చెప్పిండు.

సోమవారం పెన్‌డ్రైవ్ తీసుడు మర్చిపోయి స్కూల్‌కి పోయిన. వచ్చేసరికి బాపు తల పట్టుకొని కూసున్నడు.

"లిస్టు మొత్తం పోయింది బిడ్డా. ఎల్లుండి డాక్టర్ సారొస్తే ఏం చూపియ్యాలె?"

చూస్తే పెన్‌డ్రైవ్ దానికే ఉంది. "జర నేను చూస్త బాపు" అని బంద్ చేసి, పెన్‌డ్రైవ్ పిడికిట్ల దాచి, మళ్ల ఆన్ చేసిన. లిస్టు వచ్చింది.

బాపు ఎంత మురిసిండో! "నా బిడ్డనే బాగు చేసింది" అని సంఘంల అందరికీ చెప్పిండు. ఇప్పుడు ఐలేశం మామ చెడిపోయిన కంప్యూటర్ ఆదివారం మా ఇంటికి తెస్తున్నడు.

అక్కా, అది నిజంగనే చెడిపోయింది. నాకు బాగు చేసుడు రాదు. శనివారమే రా. కంప్యూటర్ సంగతి నువ్వు చూడు. బాపుకు నిజం నేనే చెప్త, నువ్వు పక్కన నిలబడితే చాలు.

నీ చెల్లె