వాగులో వదిలిన లోడ్లు

చిరంజీవి బుజ్జితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఆస్పత్రిలో డ్యూటీలు ఎక్కువైనా నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాం.

వాగు తేటపడిందట, నిజమేనా అని అడిగావు. నిజమే. పోయిన వారం అడుగున గులకరాళ్ళు కనిపించాయి. గ్యాస్ బావుల్లోంచి ఎంత మురికినీరు పైకొచ్చింది, దాన్ని ఎక్కడికి తోలారు అన్నది కంపెనీ అందరికీ తెలిసేలా బయటపెట్టాలని రూలొచ్చింది కదా. జరిమానాలు అంతకుముందూ ఉండేవి, ఎవరికి భయం? ఇప్పుడు కంపెనీ గేటు దగ్గర పెట్టిన ఆ లెక్కల బోర్డు చదివి, కూరగాయలమ్మే ఆవిడ కూడా మా మేనేజరును నిలదీస్తోంది. ప్రతి కాగితంలో "లీకేజీ: సున్నా" అని రాసే ఆయన్ని మేం సున్నాసారు అంటాం. పాపం, ఆయనకిప్పుడు మిగతా అంకెలు కూడా నేర్చుకోక తప్పలేదు.

పాత ఏళ్ళ వివరాలూ బయటపెట్టాలట. అప్పట్లో ట్యాంకరు తోలింది నేనే కాబట్టి, మొన్న ఆయన నన్ను పిలిచాడు.

"బావుల దగ్గర రోజుకు తొమ్మిది ట్యాంకర్లు నింపినట్టుంది. శుద్ధి చేసేచోట ఏడే దించినట్టుంది. మిగతా రెండూ ఏమయ్యాయోయ్?"

"మీకు తెలీదా సార్?"

"తెలుసులే. ఎండకు ఆవిరైపోయాయని రాసి సంతకం పెట్టు."

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు కలం పక్కన పెట్టాను తల్లీ.

చిన్నప్పుడు వాగులో ఈత ఎందుకు మాన్పించావని కూడా అడిగావు. సుడిగుండాలున్నాయని అప్పుడు అబద్ధమాడాను. ఆ రెండు లోడ్లూ వాగులో వదిలింది నేనే. వంతెన పక్కన ట్యాంకరు ఆపి వాల్వు తిప్పేవాణ్ణి. చెప్పింది సున్నాసారే, కానీ తిప్పిన చెయ్యి నాది. నీ కాళ్ళకు పుళ్ళు లేస్తే, కొత్త సబ్బు పడలేదని మీ అమ్మ సబ్బు మార్చింది. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. నీ ఈత మాన్పించాను గాని, వాల్వు తిప్పడం మానలేదు.

ఆవిరి కాగితం మీద సంతకం పెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. లారీ తాళాలు తీసేసుకున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇవాళ పొద్దున మీ అమ్మకు చెప్పాను. పొయ్యి మీది గిన్నె దించేసింది. "దానికి నువ్వే రాయి, నేను చెప్పను" అంది.

ఆ పాత ఏళ్ళ లెక్కల నివేదిక నెలాఖరుకు బయటికొస్తుంది. నీ ఫోనులోనే చూడొచ్చు. నువ్వు అందులో చదివే ముందే నా చేత్తో రాయాలనుకున్నాను. పేర్లుండవు, "ఒక డ్రైవరు" అని మాత్రం ఉంటుంది.

ఆ డ్రైవరు నేనే.

ఇట్లు,
మీ నాన్న