ప్రెసిడెంటు ఎవరని అడిగితే

అన్నా,

రోజూ రాసే పుస్తకంలో ఇది రాయలేక నీకు రాస్తున్నాను.

మన పంచాయతీ ప్రెసిడెంటు సీటు మన కొండ సవరోళ్ళకు రిజర్వు కావాలని నువ్వు టెక్కలి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, అది చూడకుండానే చనిపోయావు. చివరికి సీటు వచ్చింది. నేను గెలిచాను.

నిన్న మండలం నుంచి కొత్త ఆఫీసరు వచ్చి "ప్రెసిడెంటు గారెవరు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తి కింద వీధి భూస్వామిని చూపించాను. పుట్టినప్పటి నుంచి ఆయన్ని ప్రెసిడెంటు బాబు అనే పిలిచాం కదా. ఆయన పగలబడి నవ్వాడు.

"సూసినారా సార్, ఆడే సెప్పేసినాడు. బోరు మా వీధికే రాసీండి. ఒరే, సంతకం ఎట్టు."

అది మన గూడేనికి మంజూరైన బోరు. మన ఆడవాళ్ళు ఇంకా గెడ్డకు దిగి ఆ వాగు నీళ్ళే మోస్తున్నారు. సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను.

ఇవాళ పంచాయతీ గుమస్తా తీర్మానాల పుస్తకం పట్టుకుని మన గూడేనికి ఎక్కి వచ్చాడు.

"ప్రెసిడెంటు బాబు సంతకం ఎట్టమన్నాడురా."

"ఏ ప్రెసిడెంటు?" అన్నాను.

గుమస్తా మన అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు.

"బోరు ఎక్కడని రాయమంటారు?"

గూడెం పేరు రాయించాను. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

కోపం మాత్రం తగ్గలేదన్నా. ఆయన నవ్వినందుకు కాదు. నిన్న ఆ చెయ్యి ఎత్తింది నేను.