బందరు కాలువ మీద నిలబడాలి

మార్చి 10, 1974

నిర్ణయం తీసుకున్నాను. రామకోటేశ్వరరావు అనే నేను, బి.ఎస్సీ. రెండో ఏడు, వాటర్ స్కీయింగ్ నేర్చుకుంటున్నాను.

కారణం నాన్న. "మార్కులు ఎలాగూ లేవు. ఆటల్లోనైనా కాలేజీ జట్టులో నీ పేరుందా? ఏప్రిల్ నెలాఖరుకి లేకపోతే చదివింది చాలు. హనుమాన్ జంక్షన్‌లో బాబాయి ట్రాక్టర్ సామాన్ల కొట్లో కూర్చో" అన్నాడు. కొట్లో కూర్చోవడం నా వల్ల కాదు. క్రికెట్ వాళ్ళు వద్దన్నారు. కబడ్డీ వాళ్ళు నవ్వారు.

ఏలూరు రోడ్డు పాతపుస్తకాల షాపులో అమెరికా పత్రిక దొరికింది. అక్కడి కాలేజీ కుర్రాళ్ళు కాళ్ళకు చెక్కలు తొడుక్కుని, పడవ తాడుతో లాగుతుంటే నీళ్ళ మీద నిలబడి జారతారు. బెజవాడలో ఈ ఆట ఎవరికీ రాదు. అంటే నాకంటే బాగా ఆడేవాడు లేడు!

మార్చి 11

పోటీలు మూడు.

స్లాలం: నీళ్ళలో తేలే ఆరు గుర్తుల చుట్టూ వంకర్లు తిరగాలి. నెగ్గేకొద్దీ పడవ వేగం పెంచుతారు, తర్వాత తాడు కురచ చేస్తారు. (దుర్మార్గం.)

ట్రిక్స్: ఇరవై సెకన్లలో ఎన్ని గిరికీలు కొడితే అన్ని మార్కులు.

జంప్: ఏటవాలు బల్ల ఎక్కి ఎగరాలి. దిగాక నిలబడితేనే లెక్క.

జట్టుకి ఐదుగురు అబ్బాయిలు, ఐదుగురు అమ్మాయిలు. అమ్మాయిల మార్కులూ కలుపుతారు. ఐదుగురిలో మంచి నలుగురివే లెక్కలోకొస్తాయి. ఐదోవాడు మునిగినా నష్టం లేదు. దయగల ఆట.

మార్చి 14

ఫిజికల్ డైరెక్టర్ వెంకటకృష్ణారావు గారిని కలిశాను. "పదిమందిని పోగుచెయ్యవోయ్. ఏప్రిల్ ఇరవై ఒకటి, ఆదివారం మీ ఊరొస్తాను. ఒక్కడివి నిలబడి చూపించినా జట్టని రాసేస్తాను" అన్నారు, నవ్వాపుకుంటూ.

మార్చి 17

సామాను సిద్ధం. గేదెల కొట్టం తలుపు కోసి రెండు చెక్కలు. పట్టీలకు సైకిల్ ట్యూబు. బావి చేంతాడు. గుర్తులకు ఆరు ఎండు సొరబుర్రలు. పడవ లేదు కాబట్టి నా స్నేహితుడు లాజరు కాలువ గట్టు మీద వాళ్ళ మామ జీపుతో లాగుతాడు.

సాయంత్రం అమ్మ, "చేంతాడేదిరా?" నాన్న, "కొట్టం తలుపేదిరా?" గేదె ఏమీ అడగలేదు, వెళ్ళిపోయింది.

మార్చి 20

జీపు వెళ్ళింది. తాడు వెళ్ళింది. నేనూ వెళ్ళాను, నీళ్ళ కిందుగా.

మార్చి 24

ఆరు సొరబుర్రల మధ్య పన్నెండు గేదెలు. అందులో ఒకటి మాది.

మేనమామ కూతురు రాజ్యలక్ష్మి గట్టు మీద కూర్చుని చూసింది. ఆమెదీ మా కాలేజీయే. "మోకాళ్ళు ముడుచుకో బావా. తాడే లేపుద్ది, నువ్వు లేవబాకు" అంది.

"నువ్వు చూపించు" అన్నాను.

చూపించింది. లాకుల దాకా నిలబడే వెళ్ళింది. ఒళ్ళు మండిపోయింది. జట్టులో చేర్చుకున్నాను. ఇప్పటికి ఇద్దరం.

ఏప్రిల్ 2

జలుబు. ఛాంపియన్లకు విశ్రాంతి ముఖ్యం.

ఏప్రిల్ 9

గాలి సరిగా లేదు. పత్రిక మళ్ళీ చదివాను. చదవడమూ సాధనే.

ఏప్రిల్ 16

జీపు టైరు పంచరైంది. లాజరు బాధపడ్డాడు. నేను బాధపడినట్టు కనిపించాను.

ఏప్రిల్ 20

నిలబడ్డాను! ఇరవై గజాలు! కాస్త బరువుగా లాగింది కానీ ఒక్కసారి కూడా మునగలేదు. రాజ్యలక్ష్మి ఏదో చెప్పబోయింది. వినలేదు, అసూయ.

ఏప్రిల్ 21

కాలువలో నీళ్ళు లేవు.

వేసవికి కాలువ కట్టేశారు. ఏటా కట్టేస్తారు. నిన్నటికే నీళ్ళు అడుగంటాయట. నేను నిలబడ్డది నీళ్ళ మీద కాదు, కాలువ అడుగున.

"రైతు కొడుకువి. కాలువ ఎప్పుడు కడతారో తెలీదంట్రా?" అన్నాడు నాన్న. ఏడుపొచ్చింది. అప్పుడే డైరెక్టర్ గారు తెల్లబూట్లతో బస్సు దిగారు.

ఊరంతా చేపల కోసం బురదలో దిగి తొడల దాకా కూరుకుపోతున్నారు. ఏం చెయ్యాలో తోచక చెక్కలు తొడుక్కుని దిగాను. కూరుకుపోలేదు! జారుకుంటూ పోయి బుట్టెడు కొరమేనులు పట్టాను. రాజ్యలక్ష్మి చెక్కలు లాక్కుని ఇంకో బుట్ట నింపింది.

అందరూ చెక్కలడిగారు. కాలేజీ వాళ్ళకే, అదీ జట్టులో పేరిస్తేనే అన్నాను. గంటలో ఎనిమిది పేర్లు, నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. మొత్తం పదిమందిమి. జట్టు నిండింది, నీళ్ళే లేవు.

డైరెక్టర్ గారు రెండు కొరమేనులు పుచ్చుకుని, "జట్టుంది. ఆట జూన్‌లో కాలువ వదిలాక చూస్తాలే" అన్నారు.

రాత్రి నాన్న చేపల పులుసు రెండోసారి వడ్డించుకున్నాడు. "సరే, జూన్ దాకా గడువు. చెక్కలు మాత్రం జాగర్త చెయ్. పై ఏడు కాలువ కట్టినప్పుడు పనికొస్తాయి."

ఏప్రిల్ 22

కొత్త నిర్ణయం. రోజూ ఐదింటికి లేచి సాధన. (ఇవాళ ఎనిమిదైంది. రేపటి నుంచి.)

ముందు మిగతా ఎనిమిది మందికీ చెక్కలు కావాలి. ఇప్పుడే ఇల్లంతా తిరిగి చూసొచ్చాను. వీధి గుమ్మంతో కలిపి సరిగ్గా ఎనిమిది తలుపులున్నాయి.